మా కాలేజీ లెర్నింగ్ సపోర్ట్ సెంటర్: పరీక్షలకి భేష్, ఇంటర్వ్యూలకి కాదు

ఈ సెంటర్‌లో పేరు రాయించుకోవాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న జూనియర్ల కోసం ఈ రివ్యూ. నాకు ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలపడం కష్టమయ్యే పరిస్థితి) రెండూ ఉన్నాయి. చదివింది స్టాటిస్టిక్స్. మొదటి ఏడాది మధ్యలో ఇక్కడ చేరి, ఉద్యోగం వచ్చేదాకా వాళ్లిచ్చే సేవలు దాదాపు అన్నీ వాడాను: పరీక్ష ఏర్పాట్లు, క్లాసు నోట్సు, వారం వారం కోచింగ్, కెరీర్ తయారీ. కాలేజీ పేరు చెప్పను. అక్కడ పనిచేసేవాళ్లు మంచివాళ్లే. పొగడ్తలు మాత్రమే చదవాలనుకుంటే వాళ్ల బ్రోషర్ ఉంది, బొమ్మలు కూడా బాగుంటాయి.

చేరడం తేలికే. డాక్టరు రిపోర్టు, ఒక ఫారం, కాసేపు మాటలు. ఫీజు లేదు. ఫారంలో మాత్రం 'మీ పరిస్థితి' అన్నచోట ఒక్క గడికే టిక్కు పెట్టాలి. ఆటిజం ఉన్న మనిషికి ఏడీహెచ్‌డీ కూడా ఉందని రాయడానికి అమెరికా మానసిక వైద్యుల మాన్యువల్, 2013లో డీఎస్ఎం-5 అనే దాని కొత్త కూర్పు వచ్చేదాకా, ఒప్పుకునేది కాదు. మా ఫారం ఇంకా ఆ కాలంలోనే ఉండిపోయింది. రెండోదాన్ని మార్జిన్‌లో పెన్నుతో రాసిచ్చాను. కౌంటర్ దగ్గర కూర్చున్నావిడ ఏమీ అనకుండా స్టాంపు వేసి లోపల పెట్టుకుంది.

ఆ తర్వాత చేతికిచ్చిన కాగితం చూసి మాత్రం లేచి వెళ్లిపోదామనిపించింది. 'మీరు చూసి నేర్చుకునేవారా, విని నేర్చుకునేవారా, చేసి నేర్చుకునేవారా?' అని తేల్చే ప్రశ్నపత్రం అది. 2008లో హెరాల్డ్ పాష్లర్, ఇంకో ముగ్గురు సైకాలజిస్టులు ఈ లెర్నింగ్ స్టైల్స్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనని తిరగేసి, విద్యార్థి 'స్టైల్'కి తగ్గట్టు పాఠం చెబితే ఎక్కువ వస్తుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. అది జరిగి ఇన్నేళ్లయినా ఈ కాగితం మాత్రం చేతులు మారుతూనే ఉంది. నాకు 'చూసి నేర్చుకునేవారు' అని ఫలితం వచ్చింది కాబట్టి రంగురంగుల మైండ్ మ్యాపులు గీసుకోమన్నారు. మైండ్ మ్యాప్ చూస్తే నాకు ఎక్కడ మొదలుపెట్టి ఎటు పోవాలో అర్థం కాదు. నాకు ఒకటి, రెండు, మూడు అని వరసగా రాసిన జాబితా కావాలి. ఆ కాగితం నింపినా నింపకపోయినా మిగతా సేవలకి ఇబ్బందేమీ ఉండదు, దాన్ని చూసి బెదరకండి.

పరీక్షల ఏర్పాట్లకి అయిదుకి అయిదు ఇస్తాను. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అదనపు టైమ్ ఒక్కటే దొరుకుతుందనుకుని, అది తమకి అక్కర్లేదని అసలు చేరడమే మానేస్తారు.

నాకూ మొదట ఇచ్చింది అదనపు టైమే. పావు వంతు, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో ముప్పావు గంట. దానివల్ల నాకు ఒరిగింది తక్కువ. పెద్ద హాల్లో ఇన్విజిలేటర్ చెప్పుల చప్పుడు, వెనకెవరో పేజీ తిప్పడం, ఇంకెవరో పెన్ను నొక్కుతూ ఉండటం, ఫ్యాన్ కిర్రుమనడం, అన్నీ నాకు ఒకేలా గట్టిగా వినిపిస్తాయి. మిగతావాళ్లు వాటిని వినకుండా ఎలా ఉండగలుగుతారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అలాంటి హాల్లో ఇంకో ముప్పావు గంట కూర్చోబెడితే నాకు అందేది ఇంకో ముప్పావు గంట రొద. సెంటర్‌లో నా ఫైలు చూసే మేడమ్‌కి ఈ మాట చెప్పాను. ఆవిడ ఫారం పక్కన పెట్టి, "నీకు టైమ్ చాలట్లేదా, ఉన్న టైమ్ ఎటో పోతోందా?" అని అడిగింది. అంతవరకు నన్నెవరూ ఇలా అడగలేదు. డిస్లెక్సియా ఉన్న నా ఫ్రెండ్‌కి టైమ్ నిజంగానే చాలదు, ప్రశ్న చదివి అర్థం చేసుకోవడానికే వాడికి ఎక్కువసేపు పడుతుంది. నాకు చదవడం, రాయడం రెండూ వేగమే. మధ్యలో ఏదో ఒక చప్పుడు వెంట పోయి తిరిగి రావడానికి అయ్యే ఖర్చే నాది.

అప్పుడు ఏర్పాటు మార్చారు. నలుగురైదుగురికి మించి ఉండని చిన్న గది ఇచ్చారు. గడియారం ఆపే విరామాలు ఇచ్చారు. అంటే లేచి బయటికెళ్లి పది నిమిషాలు నడిచొస్తే ఆ పది నిమిషాలు పరీక్ష టైమ్‌లోంచి పోవు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు ముందు దీన్ని అడగండి. అదనపు టైమ్ కంటే నాకు ఇదే ఎక్కువ పనికొచ్చింది. బ్రోషర్‌లో ఇది చివరి పేజీలో చిన్నక్షరాల్లో ఉంటుంది, ఎందుకో మరి.

ఆ చిన్న గదిలో పాత చోకు ట్యూబులైటు ఉండేది. ఇనప చోకు ఉన్న లైటు 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకి 100 సార్లు మిణుకుమంటుంది, పైగా గుయ్‌మని రొద పెడుతుంది. ఎలక్ట్రానిక్ చోకు అయితే ఆ వేగం వేలల్లోకి వెళ్లిపోతుంది, రొదా ఉండదు. ఇదంతా ఒక కాగితం మీద రాసిచ్చాను. ఇలాంటి ఫిర్యాదు చేస్తే అంతకుముందు స్కూల్లో నవ్వేవాళ్లు. తర్వాతి పరీక్షకి వెళ్లేసరికి లైటు మారిపోయి ఉంది. మార్చామని నాకు చెప్పి థాంక్స్ చెప్పించుకోవాలని కూడా ఎవరూ చూడలేదు. ఈ సెంటర్ మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే.

ఇంకోటి, ప్రశ్నల భాష. 'క్లుప్తంగా చర్చించండి' అని ఇస్తారు. క్లుప్తంగా అంటే నాలుగు లైన్లా, పేజీనా? చర్చించడం అంటే రెండు వైపులా రాయాలి కదా, అది క్లుప్తంగా ఎలా అవుతుంది? మిగతావాళ్లు మార్కులు చూసి ఊహించుకుంటారట. నేను ఆ మాట దగ్గరే ఆగిపోతాను. సెంటర్ మా డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడి, ప్రతి ప్రశ్న పక్కన 'సుమారు అర పేజీ', 'ఒక లెక్క, రెండు లైన్ల వివరణ' అని రాయించింది. అది అందరి పేపర్లోకీ వచ్చేసింది. క్లాసులో ఒక్కరు కూడా ఇదేంటని అడగలేదు. పైగా దిద్దడం తేలికైందని సార్లు కూడా సంబరపడుతున్నారని కొందరన్నారు.

క్లాసులో పాఠం చెప్పే విషయంలో సెంటర్ చేతిలో ఉన్నది తక్కువ. మీ సమ్మతి తీసుకుని, మీకు ఏ ఏర్పాట్లు కావాలో లెక్చరర్లకి ఒక ఉత్తరం పంపుతారు. రోగం పేరు అందులో ఉండదు, కావాల్సినవి మాత్రమే ఉంటాయి. ఆ తర్వాత అంతా లెక్చరర్‌ని బట్టే.

మాకు ప్రాబబిలిటీ చెప్పిన సార్ ఉత్తరం చదివి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కానీ ఆ తర్వాతి వారం నుంచి క్లాసుకి ముందే ఖాళీలున్న నోట్సు పెట్టడం మొదలుపెట్టారు. సిద్ధాంతం, గుర్తులు, లెక్క ప్రశ్న అచ్చులో ఉంటాయి, మెట్లు మాత్రం మనం క్లాసులో వింటూ నింపుకోవాలి. వినడం, రాయడం, బోర్డు చూడటం మూడూ ఒకేసారి చేయాల్సిన గొడవ పోయింది. అసైన్‌మెంట్‌ని 'వచ్చే వారానికల్లా' అని నోటితో చెప్పడం మానేసి తేదీ, గంట, ఏ ఫైలుగా పంపాలో రాసి పెట్టేవారు. క్లాసు మొదట్లో ఈ రోజు చెప్పబోయే మూడు సంగతులు బోర్డు మూలన రాసి, ఒక్కోటి అవగానే కొట్టేసేవారు. నేను మధ్యలో ఎక్కడికో వెళ్లి తిరిగొచ్చినా ఎక్కడున్నామో దాన్ని చూస్తే తెలిసిపోయేది. ఎవరినీ లేపి ప్రశ్న అడిగేవారు కాదు, రాసి ఇవ్వమనేవారు. పాఠం మొదటే అందరికీ అందేలా తయారుచేసే ఈ పద్ధతిని యూనివర్సల్ డిజైన్ ఫర్ లెర్నింగ్ అంటారు. 1984లో అమెరికాలో మొదలైన కాస్ట్ అనే సంస్థ దీన్ని రూపొందించింది. సార్‌కి ఆ పేరు తెలుసో లేదో నాకు తెలియదు. ఖాళీల నోట్సు కోసం క్లాసు మొత్తం ఎదురుచూసేది, అది మాత్రం తెలుసు.

ఇంకో లెక్చరర్ అదే ఉత్తరం పట్టుకుని క్లాసు మధ్యలో నా పేరు పిలిచి, "నీ గురించి ఏదో లెటర్ వచ్చిందమ్మా, నీకేం కావాలి?" అని అడిగారు. అరవై మంది వెనక్కి తిరిగి చూశారు. సెంటర్‌కి చెబితే ఆయనతో మాట్లాడారు, ఆయన విడిగా పిలిచి బాధపడ్డారు కూడా. ఇప్పుడు ఆ ఉత్తరం పైనే 'విద్యార్థితో విడిగా మాట్లాడండి' అని లావు అక్షరాల్లో ఉంటుంది. అది నా తర్వాత వచ్చినవాళ్లకి దక్కిన లాభం.

డిస్లెక్సియా ఉన్నవాళ్ల కోసం ఒక సంగతి, నా ఫ్రెండ్ తరఫున. సెంటర్‌లో డిస్లెక్సియా కోసమని తయారైన ఇంగ్లీషు ఫాంటు ఒకటి ఉంది, అక్షరాల అడుగు భాగం లావుగా ఉంటుంది. దాన్ని గొప్పగా చూపిస్తారు. ఇలాంటి ఫాంట్ల వల్ల చదివే వేగం పెరుగుతుందని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. అక్షరాల మధ్య ఎడం పెంచితే ఉపయోగమని మాత్రం 2012లో మార్కో జోర్జీ బృందం డిస్లెక్సియా ఉన్న పిల్లల మీద చేసిన పనిలో తేలింది. మావాడు ఫాంటు వదిలేసి, ఎడం పెంచిన ప్రింటు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ రెండూ తీసుకున్నాడు. అడిగితే రెండూ ఇస్తారు. అడగకపోతే ఫాంటు ఇస్తారు.

వారం వారం కోచింగ్ నాకు బాగా నచ్చింది, అందులో వాళ్లిచ్చే ప్లానర్ యాప్ తప్ప. ఆ యాప్ గంటకోసారి మోగుతుంది, నేను గంటకోసారి దాని నోరు మూస్తాను, అంతే. కోచ్ మేడమ్ చేసేది వేరు. ఆవిడ దగ్గర "ప్రాజెక్టు మొదలుపెట్టాలి" అంటే ఒప్పుకోదు. "మొదలుపెట్టడం అంటే ఏం చేస్తావు? చేత్తో చేసే పని చెప్పు" అంటుంది. ఫైలు తెరుస్తాను. తర్వాత? పేరు పెడతాను. తర్వాత? డేటా ఎక్కడుందో ఆ దారి మొదటి లైనులో రాస్తాను. అక్కడిదాకా తీసుకొచ్చి వదిలేస్తుంది. మిగతాది నాకు తెలుసు, నేను ఆగిపోయేది ఎప్పుడూ ఆ మొదటి మూడింటి దగ్గరే. బద్ధకం అని ఇంట్లో అన్నదానికీ, ఆవిడ ఇలా విడదీసినదానికీ ఎంత తేడా ఉందో మా అమ్మకి ఒకసారి ఆవిడతోనే చెప్పించాను.

ఇంకా, 'ఇలా అయితే ఇలా చేస్తాను' అని రాయించేది. 'సాయంత్రం చదువుతాను' అని రాస్తే కొట్టేసేది. 'ల్యాబ్ నుంచి బయటికి రాగానే లైబ్రరీ రెండో అంతస్తుకి వెళ్లి కిటికీ పక్కన కూర్చుంటాను' అని రాస్తేనే ఒప్పుకునేది. పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు 1999లో రాసిన వ్యాసంతో బాగా పేరొచ్చిన పద్ధతి ఇది. తర్వాత ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మీదా దీన్ని పరీక్షించి ఉపయోగం చూశారు. నాకు పనిచేసింది. ప్రతి ప్లానూ పనిచేయలేదు, కానీ ఏ ప్లాను ఎందుకు పనిచేయలేదో తెలిసేది.

సాయంత్రాలు సెంటర్‌లో ఒక గది తెరిచి ఉంచుతారు. వచ్చినవాళ్లు ఎవరి పని వాళ్లు చేసుకుంటారు, మాట్లాడుకోవాల్సిన పని లేదు. పక్కన ఇంకో మనిషి పనిచేస్తూ కూర్చుంటే నా పని కదులుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు చాలామంది ఈ మాటే చెబుతారు. దీని మీద గట్టి పరిశోధన ఇంకా తక్కువే, అయినా గది ఖర్చేముంది, ఒకసారి వెళ్లి కూర్చుని చూడండి. నా ప్రాజెక్టు రిపోర్టు చాలాభాగం అక్కడే పూర్తయింది. పక్కన కూర్చున్నవాళ్లలో సగం మంది పేర్లు నాకు ఇప్పటికీ తెలియవు.

ఇక కెరీర్ విభాగం. అయిదుకి రెండు. ఆ రెండూ ఒక సీనియర్ అక్క వల్లే.

మొదటి మీటింగులోనే అక్కడి కౌన్సెలర్ నా ఫైలు తిప్పి, "మనుషులతో పెద్దగా పనిలేని ఉద్యోగం చూద్దాం, కోడింగ్ అయితే నీకు సరిపోతుంది" అన్నారు. నేను వారానికోసారి జూనియర్లకి స్టాటిస్టిక్స్ డౌట్లు చెప్పే సెషన్ నడిపేదాన్ని. అదే ఫైల్లో, అంతకుముందు పేజీలో ఉంది. నాకు మనుషులతో మాట్లాడటం కష్టం కాదు, దేని గురించి మాట్లాడుతున్నామో తెలియకపోతే కష్టం. ఆయన వెనక పేజీ తిప్పి ఉంటే తెలిసేది.

తర్వాత మాక్ ఇంటర్వ్యూలు. "కళ్లల్లోకి చూడమ్మా." "నవ్వుతూ ఉండు." "చేతులు ఆడించకు." కళ్లల్లోకి చూడలేకపోతే కనుబొమల మధ్య చూడమని ఒక చిట్కా. అలాగే చూశాను. కనుబొమల మధ్య చూడటమే ఒక ఉద్యోగమైపోయి, ప్రశ్న వినడానికి మనసు మిగల్లేదు. జీతాల డేటాకి మీన్ వాడతావా, మీడియన్ వాడతావా, ఎందుకు అని అడిగారు. నిద్రలో లేపినా చెప్పగలిగిన ప్రశ్న అది. కొద్దిమందికి మరీ పెద్ద జీతాలుంటే మీన్ పైకి లాగేస్తుంది కాబట్టి మీడియన్ అని చెప్పాలి. నేను శాంపిల్ సైజు గురించి ఏదో చెప్పాను. అయినా ఫీడ్‌బ్యాక్ కాగితంలో మంచి మార్కులొచ్చాయి. అందులో ఆరు గడులున్నాయి: చూపు, నవ్వు, కూర్చున్న తీరు, చేతులు, గొంతు, దుస్తులు. జవాబుకి గడి లేదు.

ఈ శిక్షణకి ఆధారం ఏంటని అడిగాను. ట్రైనర్ సార్ "లోకం తీరు అంతే కదమ్మా" అన్నారు. లోకం తీరు మీద నేను చదివింది ఆయనకి చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. 2017లో నోవా సాసన్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. ఆటిజం ఉన్నవాళ్లవీ లేనివాళ్లవీ కొద్ది సెకన్ల వీడియోలు చూపిస్తే, చూసినవాళ్లు ఆటిజం ఉన్నవాళ్లకి తక్కువ మార్కులు వేశారు, వీళ్లతో మాట్లాడటానికి అంత ఇష్టపడలేదు. అవే మాటల్ని కాగితం మీద రాసి చూపిస్తే ఆ తేడా లేకుండా పోయింది. అంటే మాటల్లో లోటు లేదు, చూసేవాళ్ల తొలి అభిప్రాయంలో ఉంది. ఈ అపార్థం రెండు వైపులా ఉంటుందని డేమియన్ మిల్టన్ 2012లోనే రాశాడు, ఆయనా ఆటిజం ఉన్న మనిషే. 2020లో క్యాథరిన్ క్రాంప్టన్ బృందం ఒకరు ఇంకొకరికి, వాళ్లు మరొకరికి కథ చెప్పే ప్రయోగం చేసింది. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసలో కథ ఎంత మిగిలిందో, అందరూ లేనివాళ్లే అయిన వరసలోనూ దాదాపు అంతే మిగిలింది. ఇద్దర్నీ కలిపిన వరసలో ఎక్కువ పోయింది. మరి శిక్షణ ఒక్క వైపుకే ఎందుకు?

ట్రైనర్ సార్ జవాబులో న్యాయం లేకపోలేదు. "కంపెనీలు మారేదాకా నువ్వు ఆగుతావా?" అన్నారు. ఆగలేను. ఉద్యోగం కావాలి. నటించడం నేర్పితే నేర్పండి, కానీ దాని ఖర్చు కూడా చెప్పండి. రోజంతా అలా నెట్టుకొచ్చే ఆటిస్టిక్ మనుషుల్లో ఆందోళన, దిగులు ఎక్కువగా కనిపిస్తున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. మాక్ ఇంటర్వ్యూ ఉన్న రోజు నేను హాస్టల్‌కి వచ్చి లైటార్పి పడుకునేదాన్ని, మర్నాడు క్లాసుకి వెళ్లలేకపోయేదాన్ని. ఆ గడి కూడా ఆ కాగితంలో లేదు.

ఇంటర్వ్యూ బదులు వేరే దారిలో మనుషుల్ని తీసుకునే సంస్థలు ఉన్నాయని కూడా ఆ విభాగంలో ఎవరికీ తెలియదు. డెన్మార్క్‌లో తోర్కిల్ సోన్ అనే ఆయన, తన కొడుక్కి ఆటిజం ఉందని తెలిశాక, 2004లో స్పెషలిస్టర్న్ అనే కంపెనీ పెట్టాడు. అభ్యర్థుల్ని మాటలతో పరీక్షించడం మాని లెగో రోబోలు కట్టించి, వాటికి ప్రోగ్రాం రాయించి, వాళ్లు పనిచేసే తీరు చూసేవారు. ఎస్ఏపీ 2013లో, మైక్రోసాఫ్ట్ 2015లో ఆటిజం ఉన్నవాళ్ల కోసం విడిగా నియామకాలు మొదలుపెట్టాయి. ఇవి గొప్ప పరిష్కారం అనను. వీటిలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు, డేటా పనుల చుట్టే తిరుగుతాయి. టీచర్ అవ్వాలనుకునే నా ఫ్రెండ్‌కి వీటివల్ల ఉపయోగం లేదు. కానీ ఇలాంటివి ఉన్నాయని గోడ మీద ఒక కాగితం అంటించడానికి ఏమైంది?

అక్క గురించి చెప్పాలి. ఆవిడ మా కాలేజీలోనే చదివింది, ఏడీహెచ్‌డీ ఉంది, ఉద్యోగం చేస్తూ నెలకోసారి సెంటర్‌కి వచ్చి మాలాంటివాళ్లతో మాట్లాడుతుంది. జీతం లేదు, ఇష్టంతో వస్తుంది. ఎక్కడా రాయని రూళ్లని విడమరిచి చెప్పడం ఆవిడకి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు.

"'మీ గురించి చెప్పండి' అంటే వాళ్లకి నీ జీవితచరిత్ర అక్కర్లేదు రా" అంది. "ఏం చదివావు, చేసిన పనుల్లో ఒకటి, అది ఈ ఉద్యోగానికి ఎందుకు పనికొస్తుంది. మూడు ముక్కలు, రెండు నిమిషాలు. అయిపోగానే ఆపెయ్. వాళ్లు ఏమీ అనకపోయినా ఆపెయ్."

"మరి 'మీ బలహీనత ఏంటి' అంటే? నిజం చెప్పాలా?"

"నిజమే చెప్పు. నోటితో చెప్పిన పని మర్చిపోతాను, అందుకే అక్కడే రాసుకుని చదివి వినిపించి సరేనా అని అడుగుతాను, ఇలా. ఇబ్బంది ఒక లైను, దానికి నువ్వు చేసేది రెండు లైన్లు. ఉన్న ఇబ్బందులన్నీ చెప్పమని వాళ్లడగలేదు, ఒక్కటే అడిగారు."

నాకు ఇది మాక్ ఇంటర్వ్యూలన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. రోగం పేరు కంపెనీకి చెప్పాలా వద్దా అన్నదాని మీద కెరీర్ విభాగం "చెప్పకపోవడమే మంచిది" అంటుంది, కోచ్ మేడమ్ "నీ ఇష్టం" అంటుంది. అక్క మాత్రం పేరు పక్కన పెట్టి, కావాల్సింది ఏంటో అడగమంది. ఇద్దరం కూర్చుని ఒక మెయిల్ రాశాం. ఎవరికైనా పనికొస్తుందేమోనని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను, వాడుకోండి:

"ఇంటర్వ్యూకి పిలిచినందుకు థాంక్స్. ప్రశ్నలు గానీ, కనీసం వాటి అంశాలు గానీ ఒక రోజు ముందు రాతలో పంపగలరా? ప్రశ్న విన్నాక కొద్దిసేపు ఆలోచించుకుని జవాబు చెబుతాను, ఆ నిశ్శబ్దాన్ని తెలియకపోవడం అనుకోవద్దని మనవి. వీలైతే ఒక చిన్న డేటా ఫైలు ఇచ్చి నాతో పని చేయించి చూడండి, నేను ఏం చేయగలనో దాంట్లో బాగా తెలుస్తుంది."

చాలామంది జవాబే ఇవ్వలేదు. ఒక కంపెనీ 'అందరికీ ఒకటే పద్ధతి' అని రాసింది. ఇంకోచోట మాత్రం నేనడిగినట్టే ప్రశ్నల అంశాల్ని నాకే కాకుండా ఆ రోజు వచ్చేవాళ్లందరికీ పంపారు, డేటా ఫైలు కూడా ఇచ్చారు. అక్కడే చేరాను. ఇంటర్వ్యూ చేసినాయన లాప్‌టాప్ వైపు చూస్తూ మాట్లాడాడు, నేనూ అటే చూశాను, ఇద్దరికీ హాయిగా ఉంది.

గ్రూప్ డిస్కషన్ గురించి రాయను. అది ఎవరికి ఎందుకు పనికొస్తుందో నాకు అర్థం కాలేదు, అర్థమైనవాళ్లని నేనింకా కలవలేదు.

సెంటర్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు మాత్రం ఇది: రిజల్ట్ వచ్చిన రోజుతో మన ఫైలు మూసేస్తారు. నిజమైన కష్టం ఉద్యోగంలో మొదటి నెలల్లో ఉంటుంది. టైమ్‌టేబుల్ లేదు, గంట కొట్టేవాళ్లు లేరు, డౌట్ వస్తే ఎవర్ని అడగాలో తెలియదు, ఎంతసేపు వెతికి అప్పుడు అడగాలో అసలు తెలియదు. "టైమున్నప్పుడు చూడు" అని మేనేజర్ అంటే ఈ రోజా, ఈ నెలా? కోచింగ్‌లో నేర్చుకున్నదాన్నే అక్కడా వాడాను. ప్రతి పనికీ తేదీ రాతలో అడిగాను, మీటింగుకి ముందు అజెండా అడిగాను, మెట్ల దగ్గరున్న నా సీటుని వేరేచోటికి మార్పించుకున్నాను. కానీ ఒక్క మూడు నెలలు, వారానికో అరగంట ఫోన్లో కోచ్ మేడమ్ దొరికినా ఎంతో తేలికయ్యేది. ఇదే మాట వాళ్ల సూచనల పెట్టెలోనూ వేశాను. అక్క కూడా వేసిందట, తన రోజుల్లో.

చేరాలనుకునేవాళ్లకి: సెమిస్టర్ మొదట్లోనే వెళ్లండి. పరీక్ష ఏర్పాట్ల ఫారం గడువు పరీక్షల టెన్షన్ మొదలవ్వకముందే అయిపోతుంది, తర్వాత ఎంత బతిమాలినా తీసుకోరు. రిపోర్టు ఇంకా చేతికి రాకపోయినా కోచింగ్‌లో చేరొచ్చు, ఈ సంగతి ఎక్కడా రాసి ఉండదు, అడగాలి. మాక్ ఇంటర్వ్యూకి వెళ్తే ఫీడ్‌బ్యాక్ కాగితం కింద ఏడో గడి గీసి 'జవాబు' అని రాసి ముందే ట్రైనర్ చేతికివ్వండి. నేను తర్వాత అదే చేశాను, ఆయన నవ్వి నింపారు. అక్క వచ్చే రోజు నోటీసు బోర్డులో ఉండదు, కోచ్ మేడమ్‌ని అడగండి. ఫోన్ చేయడం ఇష్టం లేనివాళ్లు మెయిల్ పెట్టొచ్చు, కాస్త ఆలస్యమైనా జవాబిస్తారు.